నాలుగు నిమ్మకాయలు, ఒక మట్టికుప్ప

నాలుగు నిమ్మకాయలు ఒక మనిషి చదువుని ఎలా ముంచుతాయో తెలియాలంటే నన్నడగండి. మునిగి తేలినవాణ్ణి.

అప్పుడు నేను బందరు నుంచి కొత్తగా వచ్చి, యూనివర్సిటీలో మట్టిని పరీక్షించే ల్యాబులో పరిశోధనకి చేరాను. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక డాబా మీద కిరాయి గది. అబ్దుల్లాపూర్‌మెట్ పొలంలోంచి ఎర్రమట్టి తవ్వి తెచ్చిన రోజే మా మేడం తెగేసి చెప్పారు: "ఇందులో తేడా వచ్చిందా, ప్రాజెక్టులోంచి నువ్వు అవుట్."

ల్యాబులో చోటు లేక మట్టిని మా డాబా మీదే ఆరబెట్టాను. ఆరాక దాన్ని గుండ్రంగా పరిచి, అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి గీతలు గీసి నాలుగు భాగాలు చేయాలి. ఎదురెదురు భాగాలు రెండు ఉంచుకుని మిగతాది పారేయాలి. మా విద్యలో ఇది మామూలే; నేనూ గీతలు గీశాను. గాలికి కింద పరిచిన తెల్లగుడ్డ లేచిపోతుంటే, రాళ్లు దొరక్క, షర్బత్‌కని కొన్న నిమ్మకాయలు నాలుగు మూలలా పెట్టాను. నా తెలివికి నేనే మురిసిపోయి టీకి వెళ్లాను.

తిరిగొచ్చేసరికి మట్టి కాస్త తడిగా ఉంది. ట్యాంకు పొంగిందేమోలే అనుకుని, మళ్లీ ఆరబెట్టి ల్యాబుకి పట్టుకెళ్లాను.

ఆ సాయంత్రమే వింత మొదలైంది. అంతదాకా "మోటర్ బంద్ జెయ్యనీకి చేతులు రావా?" అని అరిచే మా ఓనరమ్మ, గిన్నెడు మామిడికాయ పప్పుతో గుమ్మంలో నిలబడింది.

"తిను సారూ. మా మీద జర దయుంచు."

నా చదువుకి దక్కిన గౌరవమనుకున్నాను. నవ్వకండి, మీరైనా అదే అనుకునేవారు. వారమంతా పప్పులూ పులుసులూ లాగించాను.

అప్పుడు మేడం, మట్టిలో ఉప్పు కొలిచే మీటరు చూసి నన్ను పిలిచారు. "ఇంత ఉప్పేంటయ్యా? పొలానికి పోకుండా మీ బందరు సముద్రం ఒడ్డున తవ్వుకొచ్చావా?"

"అమ్మతోడు, లేదు మేడం!"

"అయితే రేపటికల్లా కారణం చెప్పు. లేదా పెట్టె సర్దుకో."

కాళ్లీడ్చుకుంటూ ఇంటికొచ్చి, "డాబా మీద నా మట్టి ఎవరైనా ముట్టుకున్నారా ఆంటీ?" అని అడిగానో లేదో, ఓనరమ్మ రెండు చేతులూ జోడించేసింది.

"తప్పయింది సారూ! ఎర్రమట్టి, గీతలు, నిమ్మకాయలు... ఎవలకో చేతబడి జేస్తున్నవనుకున్న. విరుగుడని ఉప్పునీళ్లు చల్లిన. ఒక్క చెంబే!"

నవ్వాలో ఏడవాలో తెలియక, ల్యాబు మిషిన్‌లో ఉప్పు తేలిన సంగతి చెప్పి, అక్కడికక్కడే మేడంకి ఫోన్ కలిపి ఆవిడ చేతికిచ్చాను.

"ఉప్పు నేనే చల్లిన మేడం. పోరడు మంచోడే. గాని మీ మిషిను మస్తుగున్నది, నా ఉప్పును పట్టేసింది!"

అవతల మేడం పడీ పడీ నవ్వారు. "వాణ్ణి మళ్లీ తవ్వుకురమ్మనండి," అన్నారు. ప్రాజెక్టు నిలిచింది. సంతోషం పట్టలేక ఓనరమ్మకి దండం పెట్టేశాను.

నిలవనిది పప్పు. మర్నాడు పొద్దున్నే కింద నుంచి కేక: "ఏయ్ పిలగా! మోటర్ ఎవడు బంద్ జేస్తడు, నీ తాతనా?"

కాబట్టి, మట్టి సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇక జన్మలో మట్టికుప్ప పక్కన నిమ్మకాయ పెట్టను. ఒకవేళ పెట్టినా, నేను మంత్రగాణ్ణి కానని మాత్రం చచ్చినా చెప్పను.