ఉత్తరాయణం పలక

సర్వే శాఖలో డిప్యూటీ ఇన్‌స్పెక్టర్‌గా విజయవాడలో నా సర్వీసు చివరి సంవత్సరం. ఆగస్టు నెలలో, పామర్రు దగ్గరి ఒక ఊరి హైస్కూలుకు వెళ్లి ఉత్తర దిక్కు గీత వేసి రమ్మని మా అసిస్టెంట్ డైరెక్టరు నోటిమాటగా ఆదేశించారు. పొలం హద్దుల పని కాదు, ఎండ గడియారం పని. అడిగినవారు ఆ స్కూల్లోనే రిటైరైన లెక్కల మాస్టారు వెంకటరత్నం గారు.

మామూలు ఎండ గడియారం మన చేతి గడియారంతో కలవదు. దేశమంతటి గడియారం మనకు తూర్పున ఉన్న ఒక రేఖాంశాన్ని బట్టి నడుస్తుంది. అక్కడ నడినెత్తికి వచ్చిన సూర్యుడు పామర్రుకు రావడానికి ఇంకో ఆరు నిమిషాలు పడుతుంది. పైగా సూర్యుడు ఏడాది పొడవునా ఒకే లెక్కన నడవడు. ఒకప్పుడు గడియారం కంటే పావుగంట దాకా ముందుంటాడు, ఒకప్పుడు దాదాపు అంతే వెనకబడతాడు.

మాస్టారు ఈ రెండు తేడాలనూ కలుపుకొని, గంట గీతలను తిన్నగా కాక వంపుగా గీశారు. వాలుగా నిలిపిన కడ్డీకి ఒక పూస. దాని నీడ ఏ వంపు మీద పడితే అదే టైము. అయితే ఒక ఆరునెలలకు గీసిన వంపు తక్కిన ఆరునెలలకు పనికిరాదు. అందుకని రెండు ఇత్తడి పలకలు. ఒకటి జూన్ ఇరవై ఒకటి నుంచి, రెండోది డిసెంబరు ఇరవై ఒకటి నుంచి. లెక్కంతా ఆయన నోటుపుస్తకంలో చేత్తో చేసిందే.

నేను క్రైస్తవుణ్ణని, పటమటలో మా సంఘానికి పెద్దనని తెలిసి మాస్టారు నవ్వారు. "మీ దేవుడు ఒక రాజు కోసం నీడని పది మెట్లు వెనక్కి తిప్పాడంట కదండీ! మనకంత వద్దులెండి దేవదానం గారూ, ఆరు నిమిషాలు జరిపితే చాలు."

పలకలు చెక్కించే పని నేను తీసుకున్నాను. ఆయన తేదీలు వేయించమన్నారు. నేను దక్షిణాయనం, ఉత్తరాయణం అని వేయించాను. సూర్యుడు ఉత్తరానికి మళ్లేది డిసెంబరులోనే అని భూగోళం పాఠంలో చదువుకున్నదే. పేరైతే నిండుగా ఉంటుందనుకున్నాను. మాస్టారు చూసి, "సర్లెండి, అందంగానే ఉంది" అన్నారు.

సెప్టెంబరులో బిగించాం. ఫోనుతో పోల్చి చూస్తే నిమిషం తేడా లేదు. నవంబరులో మాస్టారికి పక్షవాతం వచ్చింది. మంచం మీద నుంచే అటెండరు నాగేశ్వరరావును పిలిపించి, ఉత్తరాయణం రాగానే రెండో పలక పెట్టమని చెప్పారట.

డిసెంబరు ఆఖర్లో ఆయన ఫోను చేశారు. మాట ముద్దగా వస్తోంది. "ఐదు నిమిషాలు వెనకబడిందంటండీ. చెప్పినట్టే చేస్తున్నానంటున్నాడు నాగేశ్వరరావు. నా లెక్కే తప్పిందేమో, ఒకసారి వచ్చి చూస్తారా?"

క్రిస్మస్ కూడికలు, కొత్త సంవత్సరం ఆరాధన, ఆ తర్వాత వారం రోజుల ఉపవాస ప్రార్థనలు. అవి అయ్యాక వస్తానన్నాను. జనవరి మొదటి వారంలో మళ్లీ చేశారు. తేడా పన్నెండు నిమిషాలు దాటింది. టీకొట్టు దగ్గర "మాస్టారి సూర్యుడికి చలేసిందిరా, పొద్దెక్కినా లేవట్లేదు" అని నవ్వుకుంటున్నారట. "నవ్వితే నవ్వనివ్వండి. తప్పెక్కడుందో తెలిస్తే చాలండీ నాకు" అన్నారు. ఆదివారం వాక్యం చెప్పే వంతు నాది. అది కానిచ్చుకుని వస్తానన్నాను.

భోగికి రెండు రోజుల ముందు ఆయన పోయారు. కబురు నాకు ఆలస్యంగా అందింది. సంక్రాంతి మర్నాడు వెళ్లి, ముందు స్కూల్లో ఆగాను. నీడ నా ఫోనుతో సరిగ్గా కలిసింది.

నాగేశ్వరరావు సంబరంగా చెప్పాడు. "నిన్న తలస్నానం చేసొచ్చి మార్చానండి పలక. పెద్దాయన చెప్పినట్టే, ఉత్తరాయణ పుణ్యకాలంలోనే. దెబ్బకి టైము సరిపోయిందండి!"

పంచాంగం ప్రకారం మన జనానికి ఉత్తరాయణం సంక్రాంతితో మొదలవుతుంది. ఆకాశంలో అది అంతకు మూడు వారాలకు పైగా ముందే వచ్చేసింది. ఆ రోజులన్నీ పాత పలక మీద పూస నీడ రోజుకు దాదాపు ఒక నిమిషం చొప్పున తప్పు పెంచుకుంటూ పోయింది. నాగేశ్వరరావు తనకు చెప్పినట్టే చేశాడు. రాసింది నేను. డిసెంబరులో నేను వెళ్లి ఉంటే, పలకను చూసిన క్షణంలోనే సంగతి తేలిపోయేది.

మాస్టారి భార్య సుశీలమ్మ గారు నోటుపుస్తకం నా ముందు పెట్టారు. ఆఖరి రోజుల్లో ఆయన ఎడమచేత్తో, వంకర గీతలతో, సరైన లెక్కలను పేజీ తర్వాత పేజీ ఎర్రసిరాతో కొట్టేసుకున్నారు.

"లెక్క తప్పు కాదమ్మా. పలక మీద పేరు నేను తప్పు రాయించాను" అన్నాను.

ఆవిడ పుస్తకం మూసేశారు. "ఆ మాట ఆయనతో చెప్పాల్సిందండీ" అన్నారు.

నీ మీద నీ సహోదరునికి ఏదైనా విరోధం ఉందని గుర్తొస్తే, దేవుడికి తెచ్చిన అర్పణ అక్కడే విడిచి ముందు అతని దగ్గరకు వెళ్లమని మాకు నేర్పారు. మాస్టారి దగ్గరకు వెళ్లకుండా ఆగిన ఆ ఆదివారం నేను సంఘానికి చెప్పిన వాక్యం కూడా అదే. తర్వాతి వారం అందరి ఎదుట నిలబడి జరిగింది ఒప్పుకున్నాను. క్షమాపణ దేవుని దగ్గర దొరుకుతుందని నమ్ముతాను. మాస్టారి దగ్గర అడిగే వీలు లేకుండా చేసుకున్నది నేనే.

పలకల మీద పేర్లు చెరిపించి తేదీలు చెక్కించాను. పరికరం మీద రాసే మాట, దాన్ని వాడేవాడు ఎలా అర్థం చేసుకుంటాడో అడిగి రాయాలి. కొలత తప్పిందని కబురు వస్తే ఆ రోజే బయలుదేరాలి. మొదటిది శిక్షణలో ఎవరూ చెప్పలేదు. రెండోది నాకు ముందే తెలుసు.