కదలని సీటు

మా ఇద్దరికీ ఒకటే బండి ఉన్న రోజుల్లో ఇంజను ఆపకుండానే డ్రైవర్లం మారేవాళ్ళం. మధ్యాహ్నం రెండున్నరకి నేను గ్యారేజీ నుంచి వచ్చి మా అపార్ట్‌మెంట్ మెట్ల ముందు ఆపేవాణ్ణి. మా ఆవిడ తెల్ల యూనిఫాం, తెల్ల బూట్లు వేసుకుని, అన్నం డబ్బా పట్టుకుని అక్కడే నిలబడి ఉండేది. నేను దిగేవాణ్ణి. ఆవిడ ఎక్కేది. మూడింటికల్లా ఆసుపత్రిలో ఉండాలి.

"పొయ్యి మీద పప్పు ఉంది, వేడి చేసుకోండి."

"టైర్లలో గాలి పెట్టాను. కుడి పక్కకి లాగితే చెప్పు."

"సరే."

అంతే. రోజుకి ఆ రెండు మూడు మాటలే మా సంసారం.

ఆవిడ తిరిగొచ్చేసరికి నేను నిద్రపోయి ఉండేవాణ్ణి. పొద్దున్నే అయిదున్నరకి నేను వెళ్ళేటప్పుడు ఆవిడ గోడవైపు తిరిగి పడుకుని ఉండేది. లేపబుద్ధి అయ్యేది కాదు. దుప్పటి కొంచెం పైకి లాగి వెళ్ళిపోయేవాణ్ణి. వారంలో సెలవు రోజుల్లో కూడా ముసలివాళ్ళ నర్సింగ్‌హోంలో డ్యూటీ చేసేది. ఇద్దరికీ కలిసి ఖాళీ దొరికేది వారం విడిచి వారం ఆదివారం ఒక్కటే.

ఇది ఎనభై అయిదు, ఎనభై ఆరు నాటి సంగతి. మేముండే ఊరు క్యారీ అప్పట్లో ఇప్పటిలా లేదు. రోడ్డుకి రెండు పక్కలా పైన్ చెట్లు, మధ్యలో ఎర్రమట్టి. అమెరికాకి నర్సుగా వచ్చింది ఆవిడ. ఆవిడ వెనక వచ్చినవాణ్ణి నేను. గుంటూరులో అయిదో తరగతితో బడి మానేసి లారీ షెడ్డులో చేరాను. గ్యారేజీలో రిపేర్లు రాసే జాబుకార్డుల మీద తప్ప ఎక్కడా ఏమీ రాసినవాణ్ణి కాదు. ఇది రాద్దామని కూర్చుని ఇప్పటికి మూడుసార్లు లేచాను. తప్పులుంటే సర్దుకోండి.

బండి నల్లది. రెండే తలుపులు. వెనక డిక్కీ అద్దంతో సహా పైకి లేచేది. చూడ్డానికి చిన్నదే గానీ కాలు నొక్కితే వీపు సీటుకి అంటుకుపోయేది. ఇంజను పాడైందని ఎవరో గ్యారేజీలో వదిలేస్తే నేను బాగు చేసుకున్నాను. లారీల కింద పడుకుని పెరిగినవాడికి అలాంటి బండి చేతికొస్తే ఎలా ఉంటుందో చెప్పలేను.

కానీ నేను చెప్పాలనుకున్నది వేగం గురించి కాదు, సీటు గురించి.

మా ఆవిడ పొట్టి. సీటు ముందుకంటా జరుపుకునేది. పొద్దున్నే నేను ఎక్కబోతే మోకాలు స్టీరింగుకి కొట్టుకునేది. ఆవిడ తిప్పుకున్న అద్దంలో రోడ్డుకి బదులు నా చొక్కా గుండీలు కనిపించేవి. రేడియో పెడితే చర్చి ప్రసంగం వచ్చే స్టేషన్ మోగేది. బండి నిండా ఆసుపత్రి సబ్బు వాసన, దాని కింద కొబ్బరినూనె వాసన. సిగరెట్ బూడిద పెట్టెలో చూయింగ్‌గమ్ కాగితాలు చిన్నగా మడతపెట్టి ఉంటే ముందురోజు వార్డులో ఎవరో పోయారని అర్థం. అలాంటి రోజు ఏదో ఒకటి నమలకపోతే ఏడుపొస్తుందని ఒక ఆదివారం చెప్పింది.

మొదట్లో ఎక్కగానే సీటు వెనక్కి నెట్టేసేవాణ్ణి. తర్వాత్తర్వాత ఒక నిమిషం అలాగే ముడుచుకుని కూర్చోవడం అలవాటైంది. ఆవిడ దిగిన చోట కూర్చున్నానన్న మాట. ఇప్పుడు మాకు రెండు బళ్ళు ఉన్నాయి, ఎవరి సీటు వాళ్ళదే. అయినా ఆ మోకాలి నొప్పి కావాలనిపిస్తుంది నాకు అప్పుడప్పుడు.

ఆవిడకి డ్యూటీ ఉన్న ఆదివారాల్లో ఆవిడ నిద్రలేచేలోపు బండి కడిగేవాణ్ణి. ఏప్రిల్ నెలలో పైన్ చెట్ల పుప్పొడి పసుపు చల్లినట్టు బండి మీద పడేది. లారీ షెడ్డులో దుమ్ము పొడిగుడ్డతో దులిపినట్టే మొదటి ఏడాది దులిపాను. బానెట్ నిండా గీతలు పడ్డాయి. గ్యారేజీలో ఒక ముసలి మెకానిక్కు ఉండేవాడు. ముందు నీళ్ళు పోసి పుప్పొడి పోయాకే గుడ్డ పెట్టాలని ఆయన చేసి చూపించాడు. గీతలు పోవడానికి నెల పట్టింది. మా ఆవిడ పాత నూలు చీర ముక్కలు చేసి మైనం పాలిష్ పట్టేవాణ్ణి. గాలి వచ్చే సందుల్లో పళ్ళ బ్రష్షు పెట్టి తోమేవాణ్ణి. డ్రైవరు తలుపు గడప మీద ఆవిడ బూట్ల తెల్ల పాలిష్ మరక ఒకటి ఉండేది. అది మాత్రం ఎప్పుడూ తుడవలేదు.

కడగడం, పాలిష్ పట్టడంతో ఊరుకోలేకపోయాను. పొట్టి స్ప్రింగులు వేసి బండిని కిందికి దించాను. వెడల్పు టైర్లు వేశాను. సైలెన్సర్ మార్చాను. ఆవిడ త్వరగా ఇంటికి రావాలని చేస్తున్నానని నాకు నేనే చెప్పుకునేవాణ్ణి. ఎంత త్వరగా వచ్చినా నేను నిద్రలోనే ఉంటానని తెలిసి కూడా.

"ఏవండీ, ఈ బండి గేటులోకొస్తే మూడో ఫ్లోర్‌లో పేషెంట్లు లేస్తున్నారంట," అంది ఒకరోజు నేను దిగుతుంటే.

"సౌండు బాగుందా లేదా?"

"బాగుంది. మా సూపర్‌వైజర్‌కి కూడా నచ్చి పిలిపించింది."

పాత బళ్ళు తుక్కు చేసే యార్డులో ఒకసారి రేసుబండి సీటు కనిపించింది. నడుముని రెండు పక్కలా పట్టుకునే రకం, ఎర్రదారం కుట్టు. దాని కింద జరిపే పట్టాలు వంగిపోయి ఉన్నాయి. పట్టాలు కోసేసి, ఇనుప పట్టీలు వెల్డింగ్ పెట్టి, నా కాళ్ళ కొలతకి నేరుగా నేలకి బిగించాను. పాత సీటు యార్డువాడికి ఇచ్చేశాను. తప్పు చేస్తున్నానని తోచనే లేదు. మా షెడ్డులో లారీ సీటు ఎప్పుడూ కదిలేది కాదు. సీటు బిగించడం మెకానిక్కు పని. అందకపోతే డ్రైవరే దిండు వేసుకునేవాడు. ఎన్నో లారీలకి అలాగే బిగించాను.

మెట్ల మీద నిలబడి చూసింది మా ఆవిడ.

"ఎట్టా ఉంది?"

"బాగుందండీ," అంది. ఒకసారి నా మొహం చూసి, మళ్ళీ, "చాలా బాగుంది," అంది.

మర్నాడు పొద్దున మోకాలు తగల్లేదు. హాయిగా ఎక్కాను. అద్దం కూడా కదల్లేదు, రోడ్డు తిన్నగా కనిపించింది. ఇన్నాళ్ళకి బండి నాదైందని సంతోషపడ్డాను. డిక్కీలో రెండు తలగడలు కనిపిస్తే డ్యూటీ మధ్యలో నడుం వాల్చడానికి తీసుకెళ్తోందనుకున్నాను.

పది రోజులు పోయాక ఒకరోజు నేను దిగినా ఆవిడ ఎక్కలేదు.

"ఎదురు బిల్డింగ్ అక్క రైడ్ ఇస్తానంది. ఆమెదీ నా షిఫ్టే. బండి మీరే ఉంచుకోండి."

"ఎందుకే? ట్యాంకు నిండా గ్యాస్ ఉంది."

"మీరూ అటూ ఇటూ తిరగాలిగా."

ఆ అక్క మలయాళీ నర్సు. గుంటూరులో మా ఆవిడతో కలిసి నర్సింగ్ చదివింది, తెలుగు బాగానే మాట్లాడేది. ఆమెకి ఎక్కడికైనా వేళకి ముందే చేరాలి. రెండుంపావుకే బయల్దేరేవాళ్ళు. నేను వచ్చేసరికి మెట్ల మీద ఎవరూ ఉండేవాళ్ళు కాదు. ఆ రెండు మాటలు కూడా పోయాయి.

బండి నేను ఎలా వదిలితే అలాగే ఉండేది. బూడిద పెట్టె ఖాళీ. రేడియోలో నేను పెట్టిన స్టేషనే. వారం తిరిగేసరికి సబ్బు వాసన పోయింది, తర్వాత కొబ్బరినూనె వాసన కూడా పోయింది. వార్డులో ఎవరు బతికారో ఎవరు పోయారో నాకు తెలీదు. ఆవిడకి నా మీద కోపమేమో అనుకున్నాను. అడగడానికి మెలకువగా దొరకాలి కదా. మా ఆదివారం వస్తే పొద్దున ప్రేయర్, మధ్యాహ్నం ఎవరింట్లోనో భోజనం. నలుగురి మధ్య ఏం అడుగుతాం. తోచక ఇంకా ఎక్కువ పాలిష్ పట్టాను.

ఒక ఆదివారం పొద్దున్నే బండి తుడుస్తుంటే ఆ అక్క చెత్త పారేయడానికి కిందికి వచ్చింది.

"బ్రదర్, ఇంత మెరుపా. ఇందులో పెళ్ళికూతుర్ని ఎక్కిస్తారా?"

"ఉన్న పెళ్ళాం మీ బండి మరిగిందిగా అక్కా. ఇది ఖాళీగానే ఉంటంది."

"మరిగిందా." ఆమె నవ్వలేదు. "మీకు చెప్పలేదా ఆమె?"

"ఏంది చెప్పేది?"

"పది రోజుల పాటు వీపు వెనక ఒక తలగడ, కింద ఒక తలగడ పెట్టుకుని నడిపింది బ్రదర్. సిగ్నల్ దగ్గర తలగడ జారింది, క్లచ్ మీద కాలు తప్పింది. బండి ముందుకి దూకింది. రోడ్డు దాటే ముసలాయన ఇక్కడ, ఇదిగో ఈ బానెట్ మీదే చెయ్యి పెట్టుకుని నిలబడిపోయాడంట. దేవుడి దయ, ఏం కాలేదు. వార్డుకొచ్చాక సిరంజి పట్టుకోలేకపోయింది, చేతులు వణికి. ఆమె పేషెంట్లకి కూడా ఇంజెక్షన్లు నేనే ఇచ్చాను."

నా చేతిలో గుడ్డ ఆమె చూపించిన చోటే ఉంది.

"నాకెందుకు చెప్పలేదక్కా?"

"అడిగాను. 'సీటు చూపించేటప్పుడు ఆయన మొహం నువ్వు చూడలేదక్కా' అంది. నేను చూసుంటే ఆ మొహానికే చెప్పేదాన్ని."

చెత్త సంచి తీసుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు పని అవగానే యార్డుకి వెళ్ళాను. మా పాత సీటు ఎప్పుడో నలిగిపోయిందట. ఆ వారమంతా వెతికితే అదే రకం బండిది, మామూలు సీటు ఒకటి దొరికింది. గోధుమరంగు బట్ట, ఒక పక్క చిరుగు. పట్టాలు మాత్రం బాగున్నాయి. ఎర్రదారం సీటు పీకేసి, నా వెల్డింగ్ నేనే కోసి, అది బిగించాను. పట్టాలకి గ్రీజు పెట్టి ముందుకీ వెనక్కీ జరిపి చూశాను. నల్లబండిలో అతుకు వేసినట్టు ఉంది.

మా ఇద్దరి ఆదివారం వచ్చింది. ప్రేయర్ అయ్యాక ఎవరింటికీ వెళ్ళకుండా ఇంటికి తీసుకొచ్చి, డ్రైవరు తలుపు తెరిచి పట్టుకున్నాను. చూసింది. ఎవరు చెప్పారని అడగలేదు.

"రేసు సీటు ఏదండీ?"

"నడుం పట్టేస్తంది, తీసేశా."

"మీ నడుమా?"

సీటు ముందుకంటా జరిపి చూపించాను. ఆవిడ తలుపు మీద చెయ్యి వేసి అలాగే నిలబడింది.

"ఇప్పుడు సీటు అందినా నాకు భయమేనండీ. ఆ ముసలాయన చెయ్యే కనిపిస్తుంది. నేను అక్కతోనే పోతాను."

బతిమాలితే ఎదురుగా ఉన్న స్కూలు పార్కింగ్ దాకా వస్తానంది. ఆదివారం కదా, అక్కడ ఒక్క బండి లేదు. ఆవిడ స్టీరింగు దగ్గర కూర్చుంది. నేను పక్క సీట్లో కూర్చున్నాను.

"క్లచ్ మెల్లగా వదులు. మెల్లగా."

"మీరు మాట్లాడకండి. మీరు మాట్లాడితే కాలు వణుకుతుంది."

నోరు మూసుకున్నాను. బండి రెండుసార్లు ఆగిపోయింది. మూడోసారి కదిలింది. రెండో గేరులో గుండ్రంగా తిరుగుతూనే ఉన్నాం. చెయ్యడానికి పనేమీ లేక ఆవిడ వైపు చూస్తూ కూర్చున్నాను. చెవి పక్కన ఒక తెల్లవెంట్రుక ఉంది. అదెప్పుడు వచ్చిందో నాకు తెలీదు. మలుపు తిప్పేటప్పుడు కింది పెదవి కొరుక్కుంటుందని కూడా అప్పుడే చూశాను. కాసేపయ్యాక ఆవిడే మొదలుపెట్టింది, వార్డు సంగతులు. ఒక ముసలామెకి పాటలు కావాలట, మందులు వద్దట. తిరుగుతూ చెబుతూనే ఉంది. గంట ఎలా గడిచిందో తెలీలేదు.

అలా మా ఆదివారాలన్నీ అక్కడికే వెళ్ళేవాళ్ళం. మాకు పిలుపులు తగ్గాయి, ఇద్దరూ ఎక్కడ తిరుగుతున్నారని నలుగురూ అడిగేవాళ్ళు. ఆవిడ భయం పోవాలని ప్రార్థన చేసేవాణ్ణి. తొందరగా పోకపోయినా పరవాలేదనుకునేవాణ్ణి. అలా అనుకోవడం తప్పేనని తెలుసు.

నాలుగోసారి వెళ్ళినప్పుడు ఎవరూ చెప్పకుండానే వెనక్కి నడిపి, రెండు తెల్లగీతల మధ్య బండిని సరిగ్గా పెట్టింది. అంత బాగా నేను కూడా పెట్టలేను.

"ఇంక రేపట్నించి డ్యూటీకి తీసుకెళ్తావా మరి?" అన్నాను.

స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని ఎదురుగా చూసింది.

"ఇంకా భయంగానే ఉందండీ. ఇంకో నాలుగు ఆదివారాలు చూద్దాం."

చేతులు వణకడం లేదు. నేను చూశానని ఆవిడకి తెలుసు.

"సరే, ఇంకొక్క చుట్టు తిప్పు," అన్నాను.