మునిరత్నం మామ చూపించిన మూడు కార్లు

మా బడిలో కొత్తగా చేరిన టీచరు పాత కారు కొనాలనుకుంటూ నిన్న నన్ను తోడు తీసుకెళ్లింది. తిరుపతిలో అమ్మకానికి పెట్టిన ఒక కారు తలుపు తెరవగానే మల్లెపూల సెంటు గుప్పుమంది. దాని అడుగున సన్నగా, ఆరని గోనెసంచి వాసన. ఆ రెండో వాసన తగలగానే నా చెయ్యి దానంతటదే సీటు బెల్టు మీదికి పోయింది. చివరికంటా లాగి చూస్తుంటే, "ఏం వెతుకుతున్నారు మేడం?" అని అడిగిందా అమ్మాయి. జవాబు చెప్పబోతే మునిరత్నం మామ గుర్తొచ్చాడు.

మామ మాకు బంధువు కాదు. పుత్తూరులో మా ఎదురింటాయన. బస్సు డిపోలో మెకానిక్కుగా పనిచేసి రిటైరైన మనిషి. పొట్టివాడు, మితభాషి. వీధిలో ఎవరి బండి మొరాయించినా పిలవకుండానే వచ్చి, చూసి, వచ్చినంత మౌనంగానే వెళ్లిపోయేవాడు. ఆయనతో నాకు నిజంగా పరిచయమైంది నాయనకు జబ్బు చేసిన తర్వాతే. కిడ్నీలు పాడై ఆయనకు వారానికి మూడుసార్లు తిరుపతిలో డయాలసిస్ చేయించాల్సి వచ్చేది. అమ్మ అప్పటికే లేదు. కార్వేటినగరం హైస్కూల్లో నా క్లాసులు అటూ ఇటూ సర్దుకుని నేనే ఆయన్ను బస్సులో తీసుకెళ్లేదాన్ని. ఒకరోజు తిరుగు ప్రయాణంలో సీటు దొరకలేదు. కమ్మీ పట్టుకుని నిలబడ్డ నాయన అలాగే కిందికి జారిపోయాడు. కండక్టరూ నేనూ కలిసి ఆయన్ను బస్సు నేల మీదే పడుకోబెట్టాం. కారు కొనాలని ఆ రోజే నిశ్చయించుకున్నాను. కొత్తది కొనే స్తోమత లేదు. డ్రైవింగ్ నేర్చుకుని, లైసెన్సు చేతికి రాగానే మామ ఇంటికి వెళ్లాను.

"మామా, నాకొక పాత కారు చూసిపెట్టాల."

"నేను సూడను. నువ్వు సూడు. పక్కన నేనుంటా" అన్నాడు. మళ్లీ తనే, "నాయన్ని కూర్సోబెట్టుకోని పొయ్యే బండి అమ్మణ్ణీ. ముందు బ్రేకు, సీటు బెల్టు, ఎయిర్‌బ్యాగు సూడాల. రంగూ, పాటలూ తర్వాత. ఇంకోటి, ఎవురైనా కొంటారు, నాలుగేండ్లు మేపగలవా? సామాన్లు పుత్తూర్లోనే దొరకాల. ఈడి మెకానిక్కులకు చెయ్యి తిరిగిన బండి అయ్యుండాల" అన్నాడు. ఆయన నోట అంత పొడుగు మాట వినడం నాకదే మొదలు.

మొదటి కారును తిరుపతి బైపాసు పక్కన చూశాం. ఎర్రగా మెరిసిపోతోంది. చెన్నై నుంచి వచ్చింది, ఒక్కరే నడిపారు అన్నాడు అమ్మేవాడు. అప్పటికే నా మనసు దాన్ని ఇంటికి తోలుకుపోయింది. "బెల్టు లాగు" అన్నాడు మామ. లాగాను. చివర్లో మట్టిరంగు చార కనిపించింది. "లోపల సుట్టుకోనుండే బెల్టుకు బురద యెట్ల అంటింది?" అని అడిగాడు, నన్నే చూస్తూ. క్షణం ఆలోచించి, "ఈ కారు నీళ్లలో మునిగింది" అన్నాను. మామ తలాడించి, "లోపల వైర్లు తుప్పు పడతా ఉంటాయి. ఈ పొద్దు బాగుంటాది. రేపు నాయనతో పోతా ఉంటే యాడ నిలబెడతాదో దానికే తెలియాల" అన్నాడు.

రెండోది చిత్తూరులో మా చిన్నాయన కారు. ఆయన కొత్తది కొంటూ, పాతది బయటివాళ్లకు ఎందుకు, అన్న కూతురికే ఇస్తానన్నాడు. బంధువులందరికీ అప్పటికే చెప్పేశాడు కూడా. మామ బానెట్ ఎత్తి బోల్టులు చూపించాడు. వాటి తలల మీద రంగు చెదిరి ఉంది, ముందు భాగాన్ని ఎప్పుడో విప్పి బిగించినట్టు. తర్వాత తాళం తిప్పమన్నాడు. ఎయిర్‌బ్యాగు దీపం ఒకసారి వెలిగి ఆరిపోవాలి. అసలు వెలగనే లేదు. పెద్ద దెబ్బ తగిలి ఎయిర్‌బ్యాగు విచ్చుకుంటే, కొత్తది పెట్టించకుండా దీపం తీసేశారన్నమాట. మామ నన్ను పక్కకు పిలిచి ఇదంతా గొంతు తగ్గించి చెప్పాడు.

"మీరే చెప్పండి మామా చిన్నాయనకు" అని బతిమాలాను.

"నేనెవుర్ని? బండి నీది, నాయన నీకు నాయన. నువ్వే సెప్పాల."

చెప్పాను. చిన్నాయన ముఖం ఎర్రబడింది. "ఎవురో మెకానిక్కు మాట నమ్మి నన్ను మోసగాణ్ణి చేస్తావుండావా?" అన్నాడు. "మోసం అనలేదు చిన్నాయనా. ఆ కార్లో నేను నాయన్ని ఎక్కించలేను" అన్నాను. లేచి గదిలోకి పోయి, మేం వెళ్లేదాకా బయటికి రాలేదు. పిన్నమ్మ ఇచ్చిన కాఫీ తాగలేక అలాగే పెట్టి లేచాను.

తిరుగు బస్సులో ఏడుపొచ్చింది. అప్పుడు మామ నోరు విప్పాడు. "డిపోలో ఒక తూరి బస్సు బ్రేకు నాకు నచ్చలా. పండగ రద్దీ, బండ్లు తక్కువుండాయి, ఈ ట్రిప్పు పోనీ అన్నారు పైవాళ్లు. సరేలే అని సంతకం పెట్టేసినా. ఆ ట్రిప్పులోనే బ్రేకు పడక బస్సు గుద్దుకోని డ్రైవరుకు కాలు పోయింది. ఆయప్ప ఇప్పటికీ నన్ను బాగుండావా అని అడుగుతాడు" అన్నాడు. మళ్లీ కిటికీ వైపు తిరిగాడు.

మూడో కారు దొరకడానికి రెండు నెలలు పట్టింది. కార్వేటినగరంలో రిటైరైన పోస్టుమాస్టరుది. వెలిసిపోయిన బూడిద రంగు, తలుపు మీద గీతలు. వేడెక్కిన ఇంజను లోపాలు దాచేస్తుందని, మేం వచ్చేదాకా స్టార్ట్ చెయ్యొద్దని మామ ముందే చెప్పి పంపాడు. చల్లటి ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది. ఎయిర్‌బ్యాగు దీపం వెలిగి ఆరింది. సర్వీసు చేయించిన కాగితాలన్నీ పెద్దాయన వరసగా దారంతో కుట్టి పెట్టాడు. ఖాళీ రోడ్డు మీద నన్నే నడపమని, గట్టిగా బ్రేకు తొక్కమన్నాడు మామ. కారు ఏ పక్కకూ లాగకుండా తిన్నగా ఆగింది. "ఏమంటావు?" అన్నాడు. "టైర్లు మార్చాలి, మిగిలినవి బాగున్నాయి" అన్నాను. ఆయన నవ్వడం ఆ రోజే చూశాను.

ఆ వానాకాలంలో డయాలసిస్ ముగించుకుని వస్తున్నాం. వడమాలపేట దాటాక, కుండపోత వానలో, ముందు పోతున్న లారీ ఉన్నట్టుండి ఆగిపోయింది. ప్రాణమంతా కాలిలోకి తెచ్చుకుని బ్రేకు తొక్కాను. లారీకి మూరెడు దూరంలో కారు తిన్నగా నిలబడింది. నాయన కళ్లు తెరిచి, "ఊరొచ్చిందామ్మా?" అన్నాడు. "ఇంకా రాలా నాయనా, పడుకో" అన్నాను. ఇల్లు చేరాక మామకు చెబితే మెచ్చుకోలేదు. "అంత దగ్గిరగా యాల పోయినావు? బండి మంచిదని బరువంతా దాని మీదే ఎయ్యొద్దు" అని కసిరాడు.

ఆ కార్లో నాయన నాలుగేళ్లు ఒక్క డయాలసిస్ కూడా తప్పకుండా తిరిగాడు. తర్వాత నాయన పోయాడు. కిందటేడు మామ కూడా వెళ్లిపోయాడు. నాయన కర్మలకు వచ్చిన చిన్నాయన నాతో రెండే మాటలు మాట్లాడాడు. అంతకు మించి ఏమీ చక్కబడలేదు. అయినా ఆ రోజు చిత్తూరులో అన్న మాటకు నేనెప్పుడూ పశ్చాత్తాపపడలేదు. నిన్న ఆ కొత్త టీచరుకు కూడా బెల్టు చివరి బురద చార చూపించి, ఈ కారు వద్దన్నాను. బడిలో అయినా, ఇంట్లో అయినా, నావాళ్ల ముఖం మీద "వద్దు" అనాల్సి వచ్చినప్పుడు ఇప్పటికీ నా గొంతు వణుకుతుంది. ఆ వణుకు తగ్గేదాకా ఆగను, చెప్పేస్తాను.