తోడికోడళ్ళు, రెండు నల్లగీతలు

చిన్నకోడలి వృత్తి హత్య. నెలజీతం మీద, తెల్లకోటు తొడుక్కుని, చట్టబద్ధంగా చేసేది. క్యాన్సర్ పరిశోధనశాలలో గాజు పళ్ళేలలో కణాలను పెంచి, అవి బలిశాక చితగ్గొట్టి, ఆ రసంలో ఏ ప్రోటీన్ ఎంతుందో ఫిల్ము మీద నల్లగీతలుగా తేల్చాలి. ఆమె వంతుకొచ్చినవి రెండు ప్రోటీన్లు. కణం హద్దుమీరి పెరగకుండా పట్టి ఉంచే కాపలాదారులు.

ఇంట్లో హద్దుమీరి పెరుగుతున్నవారు బావగారు. ఆయన వెల్డింగ్ షాపు వీధిగదిలో పుట్టి, వరండాను మింగి, వంటగదిని సగం నమిలింది. విస్తరణ విధానం సరళం: సమ్మెటతో గోడను కొట్టడం, అడ్డొచ్చినవారినీ కొట్టడం. ఇక మిగిలింది భర్త పోయాక చిన్నకోడలికి దక్కిన ఒక్క గది. ఇన్నాళ్ళూ అది దక్కిందంటే, బావగారి భార్య అయిన పెద్దకోడలూ తనూ గుమ్మంలో నిలబడి జమిలిగా అరవబట్టే. మిగతా వేళల్లో ఇద్దరూ ఉప్పూ నిప్పూ.

ఆ సోమవారం చిన్నకోడలు డ్యూటీలో ఉండగా బావగారు భార్య చెయ్యి విరిచి ఆసుపత్రికి పంపారు. సాయంత్రం సమ్మెట గదిగోడ మీద పడింది. చిన్నకోడలు నోరు తెరిచింది గాని గొంతు పెగల్లేదు. జుట్టు పట్టి పక్కకు ఈడ్చేశారు. పెదవి చిట్లింది. గోడకు కుండంత కన్నం పడింది.

"మిగతాది రేపు కొడతా. మంచం తీసేసుకో అమ్మాయ్," అన్నారు మర్యాదగా.

మర్నాడు ల్యాబులో ఇంకో ఘోరం. మొదటి ప్రోటీన్‌ను తీసేసిన కణాల్లో రెండోదాని గీతా మాయం.

"నా తప్పే మేడమ్. నేనే పాడుచేసుంటాను."

ల్యాబు నడిపే డాక్టరమ్మ ఫిల్మును వెలుతురుకెత్తింది. "లేదమ్మా, నేను చేసినా ఇంతే వచ్చింది. రెండోది తయారవుతూనే ఉంది, నిలవట్లేదు. ఒకదాన్నొకటి పట్టుకునుంటేనే రెండూ నిలుస్తాయి. ఒకటి పోతే, రెండోదాన్ని కణమే చెత్త కింద జమకట్టి నమిలేస్తుంది. ఆ తర్వాత పెరుగుదలకి అడ్డెవరు? అవునూ, పెదవికేమైంది?"

"గోడ తగిలింది."

చిన్నకోడలు కోటు విప్పి తిన్నగా ఆసుపత్రికి పోయింది.

"చూసిపోదామనా, నవ్విపోదామనా?" అంది పెద్దకోడలు, పిండికట్టు చెయ్యి దిండు మీద పెట్టుకుని.

"నువ్వు లేకపోతే నాకు నోరు లేవట్లేదక్కా."

"నీకా! వీధిలో చాటింపు వేయించాలి." గోడవైపు తిరిగి అంది: "వాడు చెయ్యి మెలిపెడుతుంటే నాకూ లేవలేదే. నువ్వు లేవుగా."

"వస్తావా మరి?"

"నా ఇంటికి రావడానికి నీ పిలుపెందుకే?"

బస్సులో దారంతా పోట్లాడుకున్నారు.

బావగారు సమ్మెటతో సిద్ధంగా ఉన్నారు. ఇద్దరూ గుమ్మంలో భుజం భుజం ఆనించి నిలబడ్డారు.

"తప్పుకోండి."

"తప్పుకోం!" రెండు గొంతులూ ఒక్కసారే లేచాయి.

మొదటి దెబ్బకు ద్వారబంధం చీలింది. చెక్కపేడు ఎగిరి చిన్నకోడలి చెంప కోసింది. రక్తం మెడ మీదికి కారింది. రెండో దెబ్బ పెద్దకోడలి చెవి పక్కన పడి గోడపెళ్ళ రాలింది. మూడోదానికి సమ్మెట వాళ్ళ తలల ఎత్తుకు లేచింది.

"కొట్టరా! రెండో చెయ్యీ విరుచు! వీధంతా చూడనీ!" అంది పెద్దకోడలు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన్ను మొహం మీద 'రా' అనడం ఇదే ప్రథమం.

"కొట్టండి బావగారూ!" అంది చిన్నకోడలు, మర్యాద తప్పకుండా.

షాపులో నిప్పురవ్వలు ఆగిపోయాయి. పనివాళ్ళు తొంగి చూశారు. బావగారు అటు చూశారు, ఇటు చూశారు, సమ్మెట దించారు.

"రేపు చూస్తా మీ సంగతి."

ఆయన అడుగుల చప్పుడు షాపులోకి పోయింది.

"భుజం అలా నొక్కకే, ప్రాణం పోతోంది," అంది పెద్దకోడలు. కానీ పక్కకు జరగలేదు.