మట్టిలోకి వెళ్లిన రోకలిబండ

మా మేనత్తను వీధంతా కాజాలత్త అంటారు. దర్జీ షాపుల చొక్కాలకు కాజాలు తీసి, బొత్తాలు కుట్టడం ముప్పై ఏళ్లుగా ఆమె పని. బొత్తం వదులుగా ఉందని ఏ దర్జీ అయినా నోరు జారితే, ఆ చొక్కా అతని మొహానే కొట్టేది.

అంత గడుసుది తమ్ముడి దగ్గర మాత్రం ఓడిపోయేది. మా బాబాయి పెళ్లీ పెటాకులూ లేకుండా ఆమె ఇంట్లోనే ఉంటూ, గాజు పెట్టెలో మట్టి నింపి, ఎండుటాకులు పరిచి, చిటికెన వేలంత రోకలిబండ పురుగులను పెంచేవాడు. వాటికి కీరదోస ముక్కలు. "నాకు పెట్టని ముద్ద పురుగులకా?" అని అత్త సణిగేది. ఎవరి పిచ్చి వాళ్లకానందం.

నిరుడు నాలుగు రోజుల జ్వరంతో బాబాయి పోయాడు. చీపురుతో కూడా ఆ పెట్టెను తాకని అత్త, మర్నాటి నుంచీ ఇస్త్రీ బట్టల మీద నీళ్లు చల్లే సీసాతో ఆ మట్టిని తడపసాగింది. పన్నెండు పురుగుల్లో పదకొండు ఒక్కొక్కటే పోయి, చివరికొకటి మిగిలింది. అదీ ఒకరోజు కుబుసం విడవడానికి మట్టిలోకి దిగింది. అలాంటప్పుడు కదిలిస్తే బతకవని బాబాయి చెప్పేవాడు.

నెల దాటింది, రెండు దాటాయి. అత్త సూది ఆపి చెవి రిక్కించేది.

"విన్నావా? గీరుతున్నాడు."

పక్కనే కూర్చుని బొత్తాలు ఏరుతున్న నేను తలెత్తాను. "అత్తా, అది పురుగు."

"మరి నేనెవరన్నానే?"

తిండి పెట్టె పక్కనే, పడక పెట్టె పక్కనే. చొక్కాలు గుట్టపడ్డాయి. నాకు భయమేసింది, ఒళ్లూ మండింది. ఆమె దారం కొనడానికి వెళ్లిన ఒక మధ్యాహ్నం, తాడోపేడో తేల్చేద్దామని చెంచా పట్టుకున్నాను. చచ్చిపోయిందని చూపిస్తే ఏడ్చి ఊరుకుంటుందనుకున్నాను.

నాలుగు వేళ్ల లోతులో మట్టి గూడొకటి చెంచాకు తగిలి చిట్లింది. లోపల తెల్లగా, మెత్తగా, చుట్ట చుట్టుకుని ఉంది. కాళ్లు కదులుతున్నాయి. బతికే ఉంది! గబగబా మట్టి కప్పేశాను. మూడోనాడు అత్త స్నానానికి వెళ్లినప్పుడు మళ్లీ తీసి చూస్తే, నల్లబడి, చచ్చిపోయి ఉంది.

దొంగకు తేలు కుట్టినట్టు నోరు మూసుకున్నాను. ఆమె తడుపుతూనే ఉంది.

పోయిన నెల మెట్ల మీద జారి అత్త తుంటి విరిగింది. ఇప్పుడు ఆసుపత్రి మంచం మీద ఉంది, సీసా నా చేతిలో ఉంది. బతికున్నదేదీ లేని మట్టిని రోజూ తడుపుతున్నాను. దయ్యాల్ని నమ్మేదాన్ని కాదు. కానీ నీళ్లు పడగానే లోపల ఏదో గీరుతుంది. సీసా అక్కడే పెట్టేసి వీధిలోకి వచ్చేస్తాను.

ఇవాళ పొద్దున అత్త ఫోను చేసింది.

"పైకొచ్చాడా?"

చెప్పేద్దామనే నోరు తెరిచాను. "ఇంకా లేదత్తా" అని వచ్చింది.

"పోనీలేవే, తొందరేముంది. నేనే ఉంటే ఈపాటికి తవ్వేసేదాన్ని. నీ చేతిలో పెట్టాను కాబట్టి బతికిపోయాడు."