గురుగ్రహం మీద అనుమానం

ఇప్పటి పిల్లలకు ఏ సంగతి మీద అనుమానం వచ్చినా చేతిలోని ఫోన్ తీర్చేస్తుంది. మా కాలంలో అనుమానం వస్తే అది మనతోపాటే తిని, మనతోపాటే పడుకునేది. ముఖ్యంగా మా బావ ఇంట్లో. ఉప్పల్‌లో అక్కావాళ్లింట్లో ఉంటూ, బావ సైకిల్ వెనక కూర్చుని నాచారంలోని హైడ్రోజన్ గ్యాసు సిలిండర్లు నింపే కార్ఖానాకు పనికి వెళ్లే రోజులవి. బావ అక్కడ ఫోర్‌మన్. నేను ఆయన సిఫారసుతో చేరిన ట్రెయినీని, ఇంకా పర్మినెంట్ కాలేదు. కార్ఖానాలో అందరూ ఆయన్ను 'నురగ మేస్త్రి' అనేవారు (ఎదురుగా కాదు). సిలిండర్ లీకవుతోందేమో చూడాలంటే వాల్వు మీద సబ్బునురగ పూస్తారు, బుడగ లేస్తే లీకున్నట్టు. అందరూ ఒకసారి పూస్తే ఆయన రెండోసారి పూసేవాడు. ఇంట్లోనూ అంతే, పాలు వాసన చూడకుండా తాగేవాడు కాదు. చర్చిలో పాస్టరుగారు ప్రార్థన చేస్తుంటే ఒక కన్ను తెరిచి చెప్పుల వైపు చూసేవాడు. నన్ను పనిలో పెట్టించింది ప్రేమతోనా, కళ్లముందు పెట్టుకుని ఓ కంట కనిపెట్టడానికా అని నాకూ ఆయన మీద అనుమానం ఉండేది.

ఆ కార్ఖానాలో బావ పెట్టిన ఆచారం ఒకటుండేది. పొద్దున షిఫ్టు మొదలయ్యే ముందు అందరూ షెడ్డులో నిలబడాలి. వంతు వచ్చినవాడు తను గమనించిన ప్రమాదం ఒకటి చెప్పాలి. దాన్ని 'పొద్దటి అనుమానం' అనేవాళ్లం. అది తీరేదాకా ఎవరూ వాల్వు తిప్పకూడదు. మామూలుగా పైపు తుప్పు పట్టిందనో, గేటు దగ్గర అగ్గిపెట్టెలు సరిగ్గా తీసుకోవడం లేదనో చెప్పి ముగించేవారు. నా వంతు వచ్చినప్పుడు మాత్రం, ఈసారి గట్టిది చెబితే పర్మినెంట్ అయిపోతానని మనసులో లెక్కలు వేసుకున్నాను.

ముందురోజు సాయంత్రమే గట్టిది దొరికింది. మా పక్క వాటాలో కాకినాడ వైపు నుంచి వచ్చిన సారు ఒకాయన ఉండేవాడు, ప్రభుత్వ పరిశోధనశాలలో ఉద్యోగం. చీకటి పడగానే డాబా ఎక్కి, సొంతంగా చేసుకున్న దుర్బిణితో ఆకాశం చూసేవాడు. నాకు ఒక మెరిసే చుక్కను చూపించి, "అది నక్షత్రం కాదోయ్, గురుగ్రహం. చాలావరకు హైడ్రోజనే, కాలు పెట్టడానికి నేలుండదు. సూర్యుడిలో ఉన్నదీ అదే సరుకు" అన్నాడు. ఇంకా ఏదో చెప్పబోతుంటే అక్క అన్నానికి పిలిచింది. నేను సగం చదువుతో కిందికి దిగాను.

మర్నాడు షెడ్డులో నిలబడి గొంతు సవరించుకుని చెప్పాను. ఆకాశంలో పెద్ద హైడ్రోజన్ ముద్ద ఉంది, దానికి సిలిండర్ లేదు, వాల్వు లేదు, దగ్గర్లో సూర్యుడనే నిప్పుంది, అంటుకుంటే రెండో సూర్యుడవుతుంది అని. వేరే కార్ఖానాలో అయితే నవ్వేవారు. మావాళ్లు హైడ్రోజన్ అన్న మాట వింటే నవ్వరు. "మరి గిన్నొద్దులు ఎందుకు అంటుకోలే?" అని ఒకడు, "ఇయ్యాల అంటుకోదని ఎవలు జెప్పిన్రు?" అని ఇంకొకడు. అందరూ బావ ముఖం చూశారు. బావ తల గోక్కుని, "అనుమానం తీరలే. వాల్వులు ముట్టకున్రి" అన్నాడు. నియమం ఆయనదే మరి, ఏం చేస్తాడు.

గురుగ్రహం కారణంగా నాచారంలో పని ఆగిన రోజు అదొక్కటే అనుకుంటాను. మేనేజరు పరుగెత్తుకొచ్చి, "అది మన కాంపౌండ్‌లో లేదయ్యా" అని అరిచి పని మొదలుపెట్టించాడు. తరవాత బావను పిలిచి, "ఈ పిల్లగాణ్ణి ఉంచుకోవాల్నా, పంపియ్యాల్నా రేపు చెప్పు" అన్నాడు. ఆ ఉద్యోగం పోతే ఊళ్లో నాకు మరో దిక్కు లేదు.

సాయంత్రం బావ సైకిల్ ఎన్నడూ లేనంత వేగంగా తొక్కాడు. చీకటి పడే వేళకు ఇంటికి రాగానే, కాళ్లయినా కడుక్కోకుండా నన్ను తీసుకుని డాబా ఎక్కాడు. "సారూ, మా పోరనికి ఏం జెప్పిన్రు? గంత గ్యాసు ఉంటే అగ్గి ఎందుకు వడ్తలేదు?" అని నిలదీశాడు.

"నిప్పు అంటుకోవాలంటే ఆక్సిజన్ కావాలి కదండీ, అక్కడ అది విడిగా లేదు" అన్నాడు సారు.

"మరి సూర్యునికాడ ఉన్నదా?"

"సూర్యుడు కట్టెలా మండడం లేదండీ. తన బరువే తన కడుపును నొక్కుతుంది. ఆ ఒత్తిడికీ వేడికీ హైడ్రోజన్ కణాలు ఒకదానిలో ఒకటి కలిసి హీలియం అవుతాయి, వెలుగు పుడుతుంది. అలా వెలిగేదే నక్షత్రం. గురుడికి అంత బరువు లేదు."

"అంటే ప్రెషర్ సాలలే."

"అంతే. మనకు కనపడే మెరుపు సూర్యుడిదే."

"ఎలుగు ఎరువు దెచ్చుకున్నదన్నట్టు" అన్నాడు బావ. అనుమానం ఇంకా వదల్లేదు. "రేపు బరువు పెరిగితే?"

"డెబ్బై ఎనభై గురుగ్రహాలు వచ్చి దానిలో పడాలండీ."

అప్పుడు బావ దుర్బిణికి కన్ను ఆనించాడు. రెండో కన్ను అలవాటుగా మా మీదే ఉంచాడు. కాసేపటికి ఆ కన్నూ మూతపడింది. "దీని పక్కపొంటి గీ నాలుగు సుక్కలేంది?"

"దాని చందమామలండీ. దాని చుట్టూనే తిరుగుతుంటాయి."

"గది ఎలగకున్నా తిరుగుతయా?"

"వెలగక్కర్లేదండీ. పట్టి ఉంచేటంత బరువుంటే చాలు."

బావ దుర్బిణి నుంచి కన్ను తీయలేదు. చాలాసేపు అలాగే చూస్తూ ఉండిపోయాడు. ప్రెషర్ చూపించే మీటరును కూడా ఆయన అంత నమ్మకంగా చూడగా నేనెన్నడూ చూడలేదు.

మర్నాడు షెడ్డులో, "నిన్నటి అనుమానం తీరింది. అది సుక్క గాదు, ప్రెషర్ సాలని గ్రహం. ఫికర్ జెయ్యకున్రి" అన్నాడు. మేనేజరు నా సంగతి అడిగితే, "పోరడు తెల్వని గ్యాసును నమ్మలే సార్. గసుంటోడే మనకు గావాలె" అన్నాడు. నేను పర్మినెంట్ అయ్యాను. అక్కడే నెత్తి నెరిసింది, అక్కడే రిటైరయ్యాను.

బావ పోయి చాలా ఏళ్లయింది. ఏడో తరగతితో చదువు ఆపి, ఆఫీసరు కుర్చీ ఎక్కకుండానే ఆయన కొలువు ముగిసింది. ఆ రోజు డాబా మీద ఆయన ఏం చూశాడో నాకప్పుడు తట్టలేదు. అప్పట్లో ఆయన ఒక్కడి జీతం మీద బతికింది నలుగురం, మా అక్క, ఇద్దరు పిల్లలు, నేను. చీకట్లో బావ వెనకాలే మెట్లు దిగుతూ, ఈయన రేపు నన్ను వదిలేస్తాడా అని భయపడిన ఆ కుర్రవాణ్ణి తలుచుకుంటే నాకిప్పుడు నవ్వొస్తుంది, కళ్లూ చెమరుస్తాయి.