అట్టలక్క ఎంచుకున్న హీటరు

మా తోడికోడలిని అందరూ అట్టలక్క అంటారు. పుస్తకాలకు బైండింగ్ చేస్తుంది. చిరిగిన నిఘంటువైనా, ఆసుపత్రి రిజిస్టరైనా ఆమె కుట్టిందంటే మళ్ళీ ఊడిపోయే మాట ఉండదు. ఇంటి ముందు గదే ఆమె దుకాణం. వెనక రెండు గదుల్లో అక్క, బావగారు ఉంటారు. పై వాటాలో నేనూ మా ఆయనా. మా ఆయన ఎలక్ట్రీషియన్. ఈ సంగతిలో ఆయనకు కాస్త తల వంపులే, ముందే చెబుతున్నాను.

నలభై ఏడో ఏట అక్కకు వేళ్ళ కీళ్ళు పట్టేయడం మొదలైంది. పొద్దున లేచేసరికి పిడికిళ్ళు బిగుసుకుపోయి ఉంటాయి. మందులు రాసిచ్చిన డాక్టరమ్మ, రోజూ పావుగంట వేడినీళ్ళలో చేతులు నానబెట్టుకోమంది. అలా చేస్తేనే ఎనిమిదిన్నరకు సూది పట్టగలిగేది. పొయ్యి మీద కాచుకుందామంటే ఆ చేతులతో గిన్నె దించడం కుదరదు. బావగారు బస్సు డిపోలో పని, తెల్లవారకముందే వెళ్ళిపోతారు. కాబట్టి కుళాయి తిప్పితే వేడినీళ్ళు రావాలి, అంతే. స్నానాలగది మూల నిలువెత్తు వేడినీళ్ళ ట్యాంకు ఉంది. దాని నెత్తిన రంధ్రంలోంచి లోపలికి దిగి ఉండే హీటరు రాడ్డు తోటే చిక్కంతా.

మొదటిది పద్నాలుగు నెలలు పనిచేసింది. రెండోది తొమ్మిది. మూడోది ఏడో నెలలో, సరిగ్గా ఆసుపత్రి వాళ్ళ రెండు వందల రిజిస్టర్లు చేతిలో ఉండగా పోయింది.

"సాయంత్రానికి కొత్తది వేసేస్తా వదినా. అదే రకం షాపులో ఉంది," అన్నాడు మా ఆయన.

"అదే రకమైతే వద్దు."

"అన్నీ ఒకటే వదినా. కరెంటు వస్తువు ఎన్నాళ్ళు ఉంటుందో ఎవరు చెప్పగలరు?"

"కుట్టు ఊడిన పుస్తకం వస్తే నేను ముందు ఎందుకు ఊడిందో చూస్తా. తర్వాతే దారం తీస్తా. దాన్ని బయటికి లాగు, చూడనీ."

ఆయన మెయిన్ ఆపి, వాల్వు కట్టేసి, పైపు పెట్టి నీళ్ళన్నీ వదిలేసి, పెద్ద స్పానరుతో రాడ్డు విప్పాడు. అది సున్నం కొట్టిన కర్రలా బయటికొచ్చింది. అక్క కాగితాలు మడిచే పలకతో గీకితే తెల్లటి పెచ్చులు ఊడిపడ్డాయి. కింద రాగి ఒకచోట నల్లగా మాడి చిట్లి ఉంది.

"మన బోరు నీళ్ళలో సున్నం ఎక్కువ వదినా. దానికేం చేస్తాం?"

"నీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"తెలిసి మూడుసార్లు ఇదే వేశావా నాయనా?"

మా ఆయన స్పానరు తుడవడం మొదలెట్టాడు. నేను నవ్వు ఆపుకోలేక మేడెక్కేశాను.

మర్నాడు అక్క ఆ రాడ్డును పాత కాగితంలో చుట్టి సంచిలో వేసుకుని బయల్దేరింది, తోడు నేను. మొదటి షాపాయన పెట్టె విప్పి, "ఎలా మెరుస్తోందో చూడండమ్మా!" అన్నాడు.

"చీకట్లో నీళ్ళలో మునిగి ఉండేదానికి మెరుపెందుకయ్యా? సున్నం నీళ్ళకు ఎన్నాళ్ళు ఆగుతుంది?"

"ఏడాది గ్యారంటీ ఉంది కదమ్మా."

"ఏడాది తర్వాత?"

ఆయనకు ఉన్నట్టుండి ఇంకో బేరం గుర్తొచ్చింది.

అక్కణ్ణించి ఆసుపత్రికి వెళ్ళాం. రిజిస్టర్లకు నెల గడువు అడగాలి. గడువు దొరికాక అక్క తిన్నగా దుప్పట్లు ఉతికే విభాగానికి నడిచింది. అక్కడ వేడినీళ్ళ ట్యాంకులు చూసే పెద్దాయన్ని అందరూ బాయిలర్ బాబాయి అంటారు. ఆయన రాడ్డును అటూ ఇటూ తిప్పి చూశాడు.

"సున్నం దీనికి దుప్పటి కప్పేసిందమ్మా. లోపలి వేడి నీళ్ళలోకి పోయే దారి లేక తన వేడికి తానే మాడిపోయింది. మాకూ ఇవే నీళ్ళు. అదిగో, ఆ మూల ట్యాంకులో ఉన్న రాడ్డు తొమ్మిదేళ్ళది."

"దానిదేం గొప్ప బాబాయ్?"

"ఇలాంటి నీళ్ళకు రాగి సరిపోదు. అది నికెల్ కలిపిన ఉక్కు. పైన పూత కాదు, ఒళ్ళంతా అదే. ఇంకోటి చూడు, మీది పొట్టిది. అంత కరెంటూ ఈ కాస్త ఒంటి మీద కుమ్మరిస్తే కాలిపోదూ? అదే కరెంటు పొడుగాటి రాడ్డు మీద పరుచుకుంటే ఒళ్ళు అంత కాలదు. సున్నం కూడా అంత తొందరగా పట్టదు. వేడి ఎంత మీద పెట్టారు?"

అక్క నా వంక చూసింది. నేను మా ఆయనకు ఫోన్ చేశాను. ఎనభై డిగ్రీలట.

"అంతెందుకు? అరవై మీద ఉంచండి. అలాగని మరీ దించకండి, గోరువెచ్చటి నీళ్ళలో క్రిములు పెరుగుతాయి. ఒకవేళ వేడి అదుపు తప్పితే దానంతటదే ఆగిపోయే మీట కూడా ఉన్నది తీసుకోండి."

ఇంటికొచ్చి అక్క పొడుగాటి అట్ట కత్తిరించి, ఖాళీ ట్యాంకు రంధ్రంలోంచి అడుగు దాకా దింపింది. అడుగుకు రాడ్డు తగలకూడదని రెండంగుళాలు వదిలి గీత పెట్టింది. రంధ్రం చుట్టుకొలత, బిగించే మర చుట్ల మధ్య ఎంత ఎడం ఉందో అన్నీ అదే అట్ట మీద రాసుకుంది. ఆ అట్ట పట్టుకుని మూడు షాపులు తిరిగాం. ఒక్కాయన మాత్రం, "తెప్పిస్తానమ్మా, పదకొండు రోజులు పడుతుంది," అన్నాడు.

ఆ పదకొండు రోజులూ పొద్దున్నే గిన్నెడు వేడినీళ్ళు మేడ దించింది నేనే. అయిదో రోజుకు నాకు ఓపిక పోయింది.

"అక్కా, ఇప్పటికి ఆ పాత రకమే వేయించుకోరాదూ? కొత్తది వచ్చాక మార్చుకోవచ్చు."

"ఇప్పటికని వేయిస్తే అదే ఉండిపోతుందే. మన సంగతి నాకు తెలీదా?"

తెలుసు. మా ఇంట్లో ఇప్పటికని కట్టిన తాడు తలుపుకు నాలుగేళ్ళుగా ఉంది. మర్నాడూ గిన్నె దించాను.

పన్నెండో రోజు షాపుకు వెళ్ళాం. పెట్టె మీద అన్నీ సరిగ్గానే రాసున్నాయి, పొడుగూ గీతకు సరిపోయింది. డబ్బు తీయబోతూ అక్క ఆగింది. "అంచున చిన్న గీత గీస్తాను, ఏమీ అనుకోకండి," అని షాపాయన తలూపాక, సంచిలోంచి పుస్తకాలకు బెజ్జాలు పొడిచే దబ్బనం తీసి గీసింది. తెల్లటి పూత కింద ఎర్రగా రాగి.

షాపాయన కళ్ళజోడు పైకెత్తి చూశాడు. "నాకు తెలీదమ్మా, ఒట్టు. సర్దుకుంటే తగ్గించి ఇస్తా."

"తగ్గింపు వద్దు. గుడ్డ అట్టకు రంగేసి తోలు అట్ట అని చెప్పే విద్య మా పనిలోనూ ఉందయ్యా. అడిగింది తెప్పించు."

ఆయన మా ఎదుటే సరుకు పంపినవాళ్ళకు ఫోన్ చేసి నాలుగు తిట్టాడు. ఇంకో నాలుగు రోజులు. అక్క వేళ్ళు వాచి ఉన్నాయి. దారిలో సంచి నేను పట్టుకుంటానంటే ఇచ్చింది. మామూలుగా ఇవ్వదు.

రెండోసారి వచ్చిన రాడ్డు ఎంత గీసినా ఒకటే రంగు. మా ఆయన కొత్త వాషరు వేసి బిగించాడు. అక్క పక్కనే నిలబడింది.

"ట్యాంకు నిండకుండా స్విచ్చి వేయకు."

"వేయను వదినా. రెండోసారి అలా వేసే..." అని నాలుక కరుచుకున్నాడు.

"ఓహో, రెండోది అందుకా పోయింది?"

కుళాయిలోంచి గాలంతా పోయి నీళ్ళు ధారగా పడేదాకా ఆగారు. వాషరు దగ్గర ఒక్క చుక్క కనబడింది. "అదే సర్దుకుంటుందిలే," అన్నాడాయన. అక్క స్పానరు తీసి ఆయన చేతిలో పెట్టింది. మళ్ళీ విప్పి చూస్తే అంచులో సున్నపు పలుకొకటి ఇరుక్కుని ఉంది. తుడిచి బిగించాక చుక్క ఆగింది. స్విచ్చి వేసి, వేడి అరవై మీద పెట్టారు.

మర్నాడు పొద్దున నేను గిన్నె పట్టుకోకుండా ఊరికే దిగాను. అక్క కుళాయి కింద తొట్టెలో మణికట్ల దాకా చేతులు ముంచి కూర్చుంది. పిడికిలి ముందు కాస్త వదులైంది. తర్వాత చూపుడువేలు, ఆ వెనక మిగతావి, మెల్లగా విచ్చుకున్నాయి. "పోయి మైనం దారం తెచ్చిపెట్టవే," అంది. ఆ వారంలో మిగిలిన నూట పది రిజిస్టర్లూ కుట్టేసింది.

ఏడాది తిరిగాక పట్టుబట్టి రాడ్డు బయటికి తీయించింది. పల్చటి తెల్లపొర తప్ప ఏమీ లేదు. నిమ్మఉప్పు నీళ్ళలో కాసేపు ఉంచి కడిగితే పోయింది. అప్పటినుంచి ఏటా అదే పని. ఇప్పుడు ఆరో ఏడు నడుస్తోంది. మా ఆయన కూడా ఎవరింటికి హీటరు వేయడానికి వెళ్ళినా ముందు వాళ్ళ నీళ్ళు కాచుకునే గిన్నె అడుగు చూస్తున్నాడు.

వేళ్ళ నొప్పి పోలేదు. పోతుందని డాక్టరమ్మా చెప్పలేదు. చలి రోజుల్లో పావుగంట చాలక అరగంట పడుతోంది. పోయిన నెల గ్రంథాలయం వాళ్ళు తలుపంత అట్లాసు తెచ్చి, "ఇది మీవల్ల అవుతుందా?" అని నసిగారు.

"బల్ల మీద పెట్టి వెళ్ళండి," అంది అక్క.